ఆయన చనిపోయే పద్ధతి

ఆయన పోయారని వాళ్ళమ్మాయి మెసేజ్ పెడితే నేను వెంటనే నమ్మలేదు. ఇదివరకు ఒకసారి నమ్మి, ముప్పైమంది ముందు పరువు పోగొట్టుకున్నదాన్ని. పెనం మీద అట్టు మాడుతున్నా అలాగే నిలబడి ఆ రెండు లైన్లూ మళ్ళీ మళ్ళీ చదివాను. మావారు వచ్చి స్టవ్ ఆపేసి, "ఏమైంది? ఇండియా నుంచా?" అన్నారు.

"కాదు. డెడ్‌బాడీ సార్," అన్నాను.

మా ఇంట్లో ఆయన పేరు అది. ఆయనకూ తెలుసు, తెలిసి సంతోషించారు కూడా. మావారు ఇంకేమీ అడక్కుండా నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. నాలుగేళ్ళుగా లోపల తొలుస్తున్న సంగతి ఒకటి మళ్ళీ లేచి కూర్చుంది. నా వల్ల ఆయన చివరి షాట్ పాడైంది. ఆ షాట్ కోసం ఆ మనిషి నలభై ఏళ్ళు ఎదురుచూశారు.

ఆయన జపాన్ మనిషి, నటుడు. కుర్రతనంలో అమెరికా వచ్చి, ఇక్కడి సినిమాల్లో, టీవీలో చిన్నచిన్న వేషాలు వేస్తూ ముసలివాడయ్యారు. మీరు ఆయన్ని చూసే ఉంటారు. హీరో హోటల్లోకి రాగానే కౌంటర్ వెనక తల వంచి నమస్కారం పెట్టేది ఆయనే. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి తల అడ్డంగా ఊపేది ఆయనే. విలన్ పక్కన నల్లకోటులో నిలబడి, కాల్పులు మొదలవగానే అందరికంటే ముందు కూలేదీ ఆయనే. పేరు నేనిక్కడ రాయను. తెర మీద ఆయన పాత్రలకు పేర్లుండేవి కావు. 'రెండో గార్డు', 'చేపల వ్యాపారి', 'ముసలి డాక్టరు' అని పడేది. పేరు లేకుండా బతకడం తనకు బాగా వచ్చిన విద్య అని ఆయనే అనేవారు.

అంతకంటే బాగా వచ్చిన విద్య చనిపోవడం. కత్తితో, తుపాకీతో, విషంతో, మేడ మీంచి పడి, కారు కింద పడి, ఆయన చావని చావు లేదు. కానీ ఎప్పుడూ బోర్లా పడేవారు. లేదంటే కెమెరాకి దూరంగా పడేవారు. అదీ కాదంటే హీరో భుజం అడ్డమొచ్చేది. "ప్రపంచం నా వీపు చూసింది డాక్టర్, ముఖమే చూడలేదు," అన్నారొకసారి. ఫిర్యాదులా అనలేదు. ఇవాళ మబ్బేసింది అన్నట్టు అన్నారు.

నేను డాక్టర్ని కాను, నర్సుని. ఎన్నిసార్లు చెప్పినా ఆయన డాక్టర్ అనే పిలిచేవారు. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే, ఆయన జపాన్ యాసలో, నేను మా గుంటూరు యాసలో. గుర్తొచ్చేటప్పుడు మాత్రం ఆయన మాటలు నాకు తెలుగులోనే గుర్తొస్తాయి.

మేముండేది మోరిస్‌విల్‌లో. హాస్పిటల్లో వారానికి మూడు షిఫ్టులు చేసి, మిగతా రోజుల్లో షూటింగులకు మెడిక్‌గా వెళ్ళేదాన్ని. ఇక్కడ సెట్ మీద ఒక మెడిక్ ఉండాలి. ఎవరికైనా చెయ్యి తెగితే కట్టు కట్టాలి, ఎండకు కళ్ళు తిరిగితే నీళ్ళు తాగించాలి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదని అనుమానం వస్తే అప్పటికప్పుడు అసిస్టెంట్ డైరెక్టర్‌కి చెప్పాలి. ఈ మూడోది గుర్తుపెట్టుకోండి. నేను తప్పింది అక్కడే.

సముద్రం వైపు రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊళ్ళో, మూతబడ్డ డ్రైక్లీనింగ్ షాపులో ఒక టీవీ సీరీస్ తీస్తున్నారు. మొదటిరోజు నేను వెళ్ళేసరికి తెల్లజుట్టు మనిషి ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నేలంతా తడుముతున్నారు. కళ్ళజోడు పడిపోయిందేమోనని నేనూ వంగాను.

"ఏం పడిపోయింది సార్?"

"ఏమీ పడలేదు. శుక్రవారం నేనిక్కడ చనిపోవాలి. మేకులున్నాయేమో చూసుకుంటున్నాను," అన్నారు. చూసుకోవడం అయ్యాక ఆ నేలకు వంగి దండం పెట్టారు.

ఆ సీరీస్‌లో ఆయన ఆ షాపు యజమాని. ఆ పాత్రకు ఒక పేరుంది. స్క్రిప్టు కాగితం తీసి, ఆ పేరు కింద వేలు పెట్టి మరీ నాకు చూపించారు. దొంగ కాల్చిన తూటా తగిలి షాపులోనే పోతాడు ఆ యజమాని. డైరెక్టర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. వేలాడే బట్టల మీదుగా కెమెరా మెల్లగా దిగి, వెల్లకిలా పడివున్న ఆయన ముఖం మీద ఆగుతుందని, తను చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలదని చెప్పింది. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించారు. గట్టిగా అంటే ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని భయం.

చనిపోవడం గురించి ఆయనకు చాలా పట్టింపులుండేవి. చనిపోయేవాడు తొందరపడకూడదట. అలాగని బతికున్నవాళ్ళ టైమూ తినకూడదట. కళ్ళు తెరుచుకుని పోవాల్సి వస్తే ఎదురుగా ఉన్నదాన్ని చూడకూడదట, దాని వెనకాల ఉన్నదాన్ని చూడాలట. ప్రతి చావుకీ జేబులో కాగితం మడతలో చిటికెడు ఉప్పు పెట్టుకునేవారు. కట్ అనగానే లేచి, పక్కకు వెళ్ళి, ఆ ఉప్పు భుజాల మీద చల్లుకునేవారు. వేసిన చావు ఒంటికి అంటకుండా ఉండాలని వాళ్ళ పెద్దలు నేర్పిన పద్ధతి అది.

"మా దగ్గర ఉప్పు కాదు సార్, నవ్వు," అన్నాను నేను. నా నోరు ఊరుకోదు కదా. మా మేనమామ హైదరాబాదు స్టూడియోల్లో లైట్లు మోసేవాడు. శవం వేషం వేసినవాళ్ళని షాట్ అయ్యాక కెమెరాలోకి చూసి నవ్వమంటారని, ఆ నవ్వు ఫిల్మ్ మీద పడితేగాని పైకి లేవనివ్వరని మా చిన్నప్పుడు చెప్పేవాడు. ఆయన ఇది చాలా శ్రద్ధగా విన్నారు. "ఫిల్మ్ మీద పడి తీరాలా? ఉత్తినే నవ్వితే చాలదా?" అని అడిగి మరీ తెలుసుకున్నారు. అప్పట్నుంచి రిహార్సల్లో చచ్చి లేచినప్పుడల్లా నేనెక్కడున్నానో వెతుక్కుని, నా వైపు పళ్ళు బయటపెట్టేవారు.

"ఇది నవ్వు కాదు సార్. పళ్ళ డాక్టర్‌కి చూపించినట్టుంది."

"నవ్వే వేషం ఎవరూ ఇవ్వలేదు. అలవాటు లేదు," అన్నారు.

ఆయనేం తక్కువ తినలేదు. నా చేతి గడియారాన్ని ఎగతాళి చేసేవారు. నర్సింగ్ కాలేజీలో ఉన్నప్పుడు కొనుక్కున్న ముళ్ళ గడియారం అది. నాడి లెక్కపెట్టాలంటే నాకు దాని సెకన్ల ముల్లే కావాలి. ఎవరి నాడైనా పట్టుకున్నానంటే ఆ ముల్లు తప్ప ఇంకేమీ కనబడదు నాకు. "మీరు పేషెంటు ముఖం ఎప్పుడు చూస్తారు డాక్టర్?" అనేవారు.

మధ్యాహ్నం ఆయన తెచ్చుకునే అన్నం ముద్దల మధ్యలో ఉప్పులో ఊరిన పండు ఒకటి ఉండేది. నాకు రుచి చూపిస్తే అచ్చం మన ఊరిన ఉసిరికాయలా ఉంది. మర్నాడు మా ఉసిరికాయ పచ్చడి ఒక సీసా తీసుకెళ్ళి ఇచ్చాను. రెండురోజుల్లో సీసా ఖాళీ చేసి, కడిగి, తుడిచి తిరిగిచ్చారు.

బుధవారం చిక్కొచ్చింది. రిహార్సల్లో మానిటర్ చూస్తూ డైరెక్టర్, "ఆయన మెడ దగ్గర కొట్టుకుంటోంది," అంది. దూరంగా చచ్చినన్నాళ్ళూ ఆయన మెడ ఎవరికీ కనబడలేదు. దగ్గరి షాట్ ఆయనకే కొత్త. ఆయన సరాసరి నా టెంటుకొచ్చి, "నాడి ఎలా దాచాలి?" అన్నారు.

నాడి పట్టుకోవడం నేర్చుకున్నదాన్ని గానీ దాచడం నాకెవరు నేర్పారు? అయినా ఇద్దరం కూర్చుని తంటాలుపడ్డాం. గడ్డం ఎడమవైపు కాస్త తిప్పి, లోపలికి దించి, కాలర్ పైకి లాగితే ఆ కొట్టుకునే చోటు మడతలో దాక్కుంటోంది. ఆయన అద్దం ముందు పెట్టుకుని గంటసేపు సాధన చేశారు. చివరికి నాకే కనబడకుండా చేసేశారు. ఆ రోజు ఇద్దరం చాలా గొప్పగా ఫీలయ్యాం.

శుక్రవారం పొద్దున్న ఆయన టెంటుకొచ్చి గ్యాస్‌కి మాత్ర ఏదైనా ఉందా అని అడిగారు. అడిగిన తీరు మామూలుగానే ఉంది. పై పెదవి మీద చెమట మాత్రం మామూలుగా లేదు. నవంబరు చలిలో చెమటేమిటి? మణికట్టు పట్టుకున్నాను. నాడి నాలుగు కొట్టి ఒకటి ఎగరేస్తోంది. బీపీ చూశాను. నమ్మలేక మళ్ళీ చూశాను. పచ్చడి సీసా గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది.

"దవడ లాగుతోందా?"

ఆయన చెయ్యి దవడ మీదికి వెళ్ళింది.

"సార్, ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. మెట్లెక్కితే."

"నేనిప్పుడే వెళ్ళి చెప్పాలి. మీరు హాస్పిటల్‌కి వెళ్ళాలి."

ఆయన లేచి టెంటు గుడ్డ దించి వచ్చి కూర్చున్నారు. "చెప్పండి, వద్దనను. షాట్ అయ్యాక చెప్పండి. నలభై నిమిషాలు. ఇప్పుడు చెబితే ఒక బొమ్మకి నా చొక్కా తొడిగి పడుకోబెడతారు. ఇన్సూరెన్స్ వాళ్ళు నన్నిక ఏ సెట్ మీదికీ రానివ్వరు. ఇదే ఆఖరుది డాక్టర్. దీంట్లో నా ముఖం ఉంది."

"ఆ నలభై నిమిషాల్లో ఏదైనా అయితే?"

"అప్పుడూ షాట్ దొరుకుతుంది."

"ఇలాంటి మాటలు నా దగ్గర మాట్లాడకండి," అని కసిరాను. కసిరినదాన్ని ఆ ఊపులోనే వెళ్ళి చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఏ నర్సూ చెయ్యకూడని పని అది, ఎందుకు చేశావని అడిగితే ఇవాళ్టికీ నా దగ్గర సరైన సమాధానం లేదు. ఆయన బతిమాలలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారంతే. ఆస్పిరిన్ నమిలించి, "ఒక్క టేక్. రెండోది అడిగారో, నేనే అందరి ముందూ అరుస్తాను," అన్నాను.

"ఒక్కటి చాలు."

"మీ కుడిచెయ్యి ఫ్రేములో ఉండదు కదా? బొటనవేలు కదుపుతూ ఉండండి. నేను దాన్నే చూస్తుంటాను. అది ఆగితే నేను వచ్చేస్తాను. షాటూ చూడను, ఏమీ చూడను."

"వస్తారా?"

"వచ్చేస్తాను."

ఆయన తల వంచి నాకు దండం పెట్టారు, నేలకు పెట్టినట్టే.

సెట్లో అందరూ సర్దుకున్నారు. నేను బ్యాగు భుజాన వేసుకుని బట్టల వరస చివర, ఆయన చెయ్యి కనబడే చోట నిలబడ్డాను. ఫోన్ చేతిలో పట్టుకున్నాను. తుపాకీ పేలింది. ఆయన కౌంటర్ అంచు పట్టుకుని, ఎవరిదో తెల్లచొక్కా ఒకటి లాగేస్తూ, ఏమాత్రం తొందరపడకుండా కింద పడ్డారు. గడ్డం ఎడమకి తిరిగి, లోపలికి దిగి, ఆగింది.

బొటనవేలు కదిలింది. కెమెరా బట్టల మీదుగా దిగుతోంది. కదిలింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకప్పు వెనకాల ఉన్నదేదో చూస్తున్నాయి. మళ్ళీ కదిలింది. కెమెరా ముఖం దగ్గరికొచ్చి ఆగింది. సెట్లో ముప్పైమంది ఉన్నారు, ఒక్కరి ఊపిరి వినబడటం లేదు. నా కళ్ళు వేలు మీదే ఉన్నాయి.

వేలు ఆగింది.

ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. కదల్లేదు. మెడ చూశాను. ఏమీ లేదు. ఎలా ఉంటుంది, దాచడం నేర్పింది నేనే కదా. ఛాతీ చూశాను. కదలటం లేదు, ఊపిరి బిగబట్టడం ఆయన వృత్తి. ఇరవై ఏళ్ళ సర్వీసున్న నర్సుని, పది అడుగుల దూరంలో పడుకున్న మనిషి బతికున్నాడో లేదో చెప్పలేకపోయాను. ఎనిమిది, తొమ్మిది. పది అనుకునేసరికి నా కాళ్ళు వాటంతటవే వెళ్ళిపోయాయి. మోకాళ్ళ మీద జారుతూ వెళ్ళి ఆయన మెడ మడతలోకి రెండు వేళ్ళు దూర్చాను.

తగిలింది. గతి తప్పి, ఎగిరెగిరి కొట్టుకుంటోంది, కానీ కొట్టుకుంటోంది. నేను గడియారం ముల్లు చూసి లెక్కపెడుతూనే, "అంబులెన్స్ పిలవండి," అని అరిచాను. వెనక ఎవరో బూతుమాట అన్నారు. డైరెక్టర్‌కి కట్ చెప్పాలని కూడా తట్టలేదు, నోరు తెరుచుకుని చూస్తోందట. చుట్టూ కాళ్ళు, ప్రశ్నలు. నేను ముల్లు మీంచి చూపు తియ్యలేదు. నిమిషం పూర్తయ్యాక తలెత్తి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ముఖంలో ఏ భావమూ లేదు.

స్ట్రెచర్ పక్కన పరుగెడుతూ, "వేలు ఎందుకు ఆపారు సార్?" అన్నాను.

"కెమెరా వెనక్కి జరిగింది. చెయ్యి ఫ్రేములోకి వచ్చింది," అన్నారు.

కెమెరా జరగడం పడుకున్నాయన గమనించారు, నిలబడి చూస్తున్న నేను గమనించలేదు. ఇదండీ నా ఘనకార్యం.

రెండు రక్తనాళాలు మూసుకుపోయాయన్నారు హాస్పిటల్లో. సాయంత్రం దాకా ఆగివుంటే దక్కేవారు కాదన్నారు. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కటే అడిగాడు: "పొద్దున్నే తెలుసా నీకు?" తెలుసన్నాను. ఆ కంపెనీ మళ్ళీ నన్ను పిలవలేదు. అది న్యాయమే. కానీ ఆయన్ని కూడా ఆ తర్వాత ఏ కంపెనీ పిలవలేదు. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు, ఆగాల్సినప్పుడు ఆగలేదు. ఎటు చూసినా తప్పు నాదే. పైగా ఆయన ఆ రోజు ఉప్పు చల్లుకోలేదు, నవ్వలేదు. చావు వేషంలోనే స్ట్రెచర్ ఎక్కారు. "ఇవన్నీ నమ్ముతావా నువ్వు?" అన్నారు మావారు. నమ్మను. అయినా గుచ్చుకునేది.

ఏడాది దాకా ఆయనా ఫోన్ చెయ్యలేదు, నాకూ ధైర్యం చాలలేదు. ఆ సీరీస్ వచ్చిందని కూడా నాకు తెలియదు. సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయి టీవీ ముందు నుంచి పిలిచింది.

"మమ్మీ, ఇటు రా ఒకసారి. అది నీ హ్యాండ్ కదా?"

తెర నిండా ఆయన ముఖం. చాలాసేపు అలాగే ఉంది. అంత దగ్గరగా నేనే ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత కెమెరా కాస్త వెనక్కి జరిగింది, పక్కనుంచి ఒక ఆడమనిషి చెయ్యి వచ్చింది. మణికట్టు మీద అట్లపెనం తగిలి కాలిన మచ్చ. రెండు వేళ్ళు ఆయన మెడ మీద ఆనాయి. అక్కడితో తెర నల్లబడింది.

"ఈ అంకుల్ సూపర్ మమ్మీ. రియల్‌గా చచ్చిపోయినట్టే ఉన్నాడు," అంది.

"నేనూ అదే అనుకున్నానే," అన్నాను.

ఆ వారమే ఆయన ఫోన్ చేశారు. "డాక్టర్, చూశారా?"

నేను ఒక్కసారిగా క్షమాపణలు మొదలెట్టాను. ఆయన మధ్యలోనే ఆపారు. "నలభై ఏళ్ళుగా చచ్చిపోతున్నాను. ఇన్నేళ్ళకి ఒక నర్సు నమ్మింది. ఇంతకంటే ఏం కావాలి నాకు?"

"నా వల్ల వేషాలు పోయాయి కదా సార్."

"పోయాయి," అన్నారు. అబద్ధమాడలేదు. "పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తెలియటం లేదు. నేలలు తడమటం లేదు."

"నవ్వకుండా లేచారు కూడా."

"నవ్వాను."

"ఎప్పుడు?"

"నవ్వాను డాక్టర్," అన్నారు మళ్ళీ.

నా మనసు తేలికపరచడానికి అంటున్నారనుకున్నాను. ఆ తర్వాత ఆయన శాంటా క్లారాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆదివారాలు ఫోన్ చేసేవారు. ఎత్తగానే మాట్లాడేవారు కాదు, చడీచప్పుడూ ఉండేది కాదు. "సార్, ఊపిరి పీల్చండి," అని నేనంటే అప్పుడు మొదలుపెట్టేవారు. రెండు మూడుసార్లు ఆ నవ్వు సంగతి మళ్ళీ కదిపాను. ప్రతిసారీ నవ్వాననే అన్నారు. పెద్దాయన్ని అబద్ధాలకోరుని చెయ్యడం ఎందుకని మాట మార్చేశాను.

మెసేజ్ వచ్చిన నాలుగోరోజు విమానమెక్కి శాంటా క్లారా వెళ్ళాను. చిన్న హాలు, అగరొత్తుల పొగ, ఓ నలభైమంది జనం. అందరూ వరసలో నిలబడి ఒక్కొక్కరే ముందుకెళ్ళి, ఫోటో దగ్గర తల వంచి వస్తున్నారు. ముందున్నవాళ్ళ వీపుల వెనక నాకేమీ కనబడటం లేదు. వాళ్ళమ్మాయి నన్ను పోల్చుకుని వచ్చి చెయ్యి పట్టుకుంది. నా మణికట్టు మీది మచ్చ చూసి, దాన్ని బొటనవేలితో తడిమింది.

"ఫోటో ఏది పెట్టాలో నాన్నే చెప్పారు," అంది. "తను నవ్విన ఫోటో ప్రపంచంలో ఒక్కటే ఉందన్నారు, డైరెక్టర్‌ని అడగమన్నారు. ఆ రోజు ఎవరూ కట్ చెప్పలేదట కదా? మీ చెయ్యి పడ్డాక కూడా కెమెరా తిరుగుతూనే ఉందట. ఆవిడ వెతికి పంపింది."

నా ముందున్నాయన తల వంచి పక్కకు తప్పుకున్నాడు.

ఫోటోలో ఆయన డ్రైక్లీనింగ్ షాపు నేల మీద వెల్లకిలా ఉన్నారు. చొక్కా నిండా రంగు నెత్తురు. మెడ మీద నా చెయ్యి. సరిగ్గా కెమెరాలోకి చూస్తూ, పళ్ళన్నీ కనబడేలా, కళ్ళ కొసలు ముడతలుపడేలా నవ్వుతున్నారు. పళ్ళ డాక్టర్‌కి చూపించే నవ్వు కాదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, నాలుగేళ్ళదీ కలిపి. కెమెరా వెనక్కి జరిగింది కదా, ఆయన పక్కన నేనూ పడ్డాను. కనుబొమలు ముడేసుకుని, తల దించుకుని, గడియారం చూసుకుంటున్నాను.